మీమా రుచి చూసిన విజయాలు

మా అమ్మమ్మ దలెందా నాలుక మీద పడకుండా ట్యునీషియాలో విజ్ఞానం ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు. ఇది నా గొప్ప కాదు, అచ్చులో ఉంది. పరిశోధనలకు నిధులిచ్చే జాతీయ సంస్థ ఏటేటా వేసే 'ఈ ఏటి విజయాలు' పుస్తకం తయారుచేసేది మేం మీమా అని పిలిచే ఈ అమ్మమ్మే. పరిశోధకుడు స్వయంగా వచ్చి, సాధించినదేదో ఆమె నోటికి అందించాలి. రుచి చూడనిదే రాయదు.

ఆమెను కారులో తిప్పేది నేను. ఎనిమిదో తరగతిలోనే బడి నన్ను వదిలేసింది గనుక నాకు తీరిక ఎక్కువ. అన్నీ కళ్ళారా చూశాను.

సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసినవాళ్ళు వస్తే, నాలుగు గ్లాసులు తాగి సముద్రం ఎటు పోయిందని అడిగింది. ఆలివ్ గింజల పొట్టుతో ఇటుక చేసిన ఇంజనీరు చేత ఆ ఇటుక గోకించి, పొడి చప్పరించింది. దూరపు నక్షత్రాన్ని కనిపెట్టిన పిల్ల అయితే, పెద్దావిడని అందరూ గౌరవంగా పిలిచినట్టే 'లల్లా' అంటూ ఏడుపు మొహం పెట్టింది.

"లల్లా, అది వెలుగండీ. నోట్లో పెట్టుకునేది కాదు."

"అది పడే అద్దం ఉంటుంది కదమ్మా. పట్టుకురా."

అద్దం నాకి, "చల్లగా, బాగుంది" అని రాసుకుంది. గణితం పంతులు మాత్రం తన సూత్రాన్ని పాకంతో బిస్కట్ మీద రాయించుకొచ్చాడు. పద్ధతి తెలిసిన మనిషని ఆయన్ని ఇప్పటికీ మెచ్చుకుంటుంది.

ఈసారి ఆఖరి రోజున లస్సాద్ వచ్చాడు. మెద్‌నీన్ దగ్గర ఉప్పుబావి నీళ్ళతో బార్లీ పండించినవాడు. సంస్థ అధిపతి బెషీర్ గారు, మా వాడుకలో సీ బెషీర్, అప్పటికే అతని పేరు మీద గీత కొట్టేశాడు. చూస్తే ఒక్క చెక్క పొలం, నాలుగు బస్తాల పంట, పుస్తకంలో వేస్తే జనం నవ్వుతారట. పుస్తకంలో లేకపోతే వచ్చే విత్తుకు నిధి రాదు, ఆ చెక్క మళ్ళీ బీడే. లస్సాద్‌కూ అది తెలుసు. అయినా సంచి విప్పాడు.

తీసింది రొట్టె. తనే కాల్చాడట. మీమా తుంచబోతే తునగలేదు. బల్ల అంచుకేసి కొట్టి విరిచింది. సీ బెషీర్ ఒక ముక్క నోట్లో వేసుకుని రుమాలు కోసం జేబులు తడుముకున్నాడు. నేనూ తిన్నాను. గోడ కొరికినట్టుంది.

"ఉప్పేదయ్యా?" అన్నాడు సీ బెషీర్.

"వేయలేదండీ. వేస్తే బావి ఉప్పు గింజలోకి దిగిందని అనుమానిస్తారు. నూనె, పులిసిన పిండి కలిపితే గింజ రుచి తెలియదు. పరీక్ష శుద్ధంగా ఉండాలని..."

మీమా కళ్ళు మూసుకుని నములుతూనే ఉంది. రొట్టంతా తినేసి, ఒడిలో రాలిన పొడి కూడా ఏరుకుంది. కలం తీసి సీ బెషీర్ గీత పక్కనే "బాగుంది" అని రాసింది.

"ఇది బాగుందా, లల్లా?"

"ఉప్పునీళ్ళు తాగి ఉప్పు లేని గింజ ఇచ్చింది. ఇంకెలా ఉండాలి? రొట్టె చేయడం రానిది వీడికి, బార్లీకి కాదు. వద్దంటే వీడి మొహం చూసి నువ్వే చెప్పు, బెషీర్."

సీ బెషీర్ చూశాడు. చూడకుండా ఉండాల్సింది. సంతకం పెట్టేశాడు.

నాకు మాత్రం ఆ రొట్టె అంత తేలిగ్గా దిగలేదు. ఇంటికొచ్చాక నేనూ ఒక పరిశోధన చేశాను. మీమా కాఫీలో చక్కెరకు బదులు రెండు చెంచాల ఉప్పు కలిపాను. ఆఖరి చుక్కదాకా తాగి, ఇవాళ చక్కెర బాగా కుదిరిందంది.

"మీమా, అది ఉప్పు."

కప్పు దించి, నన్ను కొరకొరా చూసి, అప్పుడు బయటపెట్టింది. నాలుగేళ్ళ కిందటి జ్వరంలోనే రుచి పోయిందట. నక్షత్రమూ ఇటుకా బిస్కట్టూ ఆమెకు ఒకటే. ఈ నాలుగేళ్ళలో ఆ నాలుక ఒక్కణ్ణి కూడా వద్దనలేదని నాకప్పుడు తట్టింది. మరి అంతంత దూరాల నుంచి వాళ్ళను రప్పించడం ఎందుకని అడిగాను.

"కాగితమైతే బెషీర్ కూర్చున్నచోటే గీత కొట్టేస్తాడు. రొట్టె పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాణ్ణి కొట్టెయ్యలేడు. మెత్తని సన్నాసి."

ఈ గుట్టంతా రాసి లోకానికి చెప్పేస్తానని బెదిరించాను.

"రాసుకో. నీ రాత చదవగలిగినవాడు ఎవడైనా ఉంటే తీసుకురా. ఈ ఏటి విజయాల్లో వాణ్ణీ వేస్తాను."