విభూతితో తోమిన రూపాయి

శ్రావణ శుక్రవారానికి ముందు రోజు మా వీధంతా తడి విభూతి వాసనే. ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని వెండి కుందులూ, కుంకుమ భరిణెలూ తోముతుంటారు. ఈసారి ఎదురింటి కోడలు నన్ను చూసి, “టీచరమ్మా, మీ వెండి సామాన్లు గూడ ఇట్లియ్యండి, తోమేస్తా” అంది. “వద్దు” అన్నాను. ఆ మాట కాస్త గట్టిగానే వచ్చినట్టుంది, పాపం చిన్నబుచ్చుకుంది. ఆ పిల్లకేం తెలుసు? ఆ వాసన తగిలితే నాకు ఖాదర్ సాబ్ గుర్తొస్తారు. ఆయన గుర్తొస్తే నేను చేసిన పని గుర్తొస్తుంది.

కర్నూలు పాత ఊళ్లో ఖాదర్ సాబ్‌ది గడియారాలు బాగుచేసే కొట్టు. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి వీధిలో నిలబడాల్సిందే. చేతి గడియారాలు పెట్టుకునేవాళ్లు తగ్గిపోయాక, కంటికి బిగించుకునే ఆ అద్దంతోనే ఆయన పాత నాణేలు చూడటం మొదలుపెట్టారు. ఇప్పుడు విలువైన నాణేలను పెద్ద ఊళ్లలోని కంపెనీలకు పంపుతున్నారు కదా. వాళ్లు పరీక్షించి, డెబ్బైకి ఇన్ని మార్కులని చీటీ వేసి, నాణేన్నీ చీటీనీ కలిపి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి పంపుతారు. అట్లా సీలైన డబ్బాలను కూడా జనం సాబ్ దగ్గరికి తెచ్చేవాళ్లు, ఆయన కూడా ఒకసారి చూసి ఊ అంటే ధైర్యమని. ఈ పిచ్చి నాకు మొదట్లో అస్సలు అర్థం కాలేదు. మార్కులు వేసిన పేపరు మళ్లీ ఇంకొకరు దిద్దడమేమిటి?

మా ఆయన మండలాఫీసులో గుమాస్తా. జీతంలో మిగుల్చుకుని నాణేలు కొనేవారు. చుట్టాలంతా నవ్వేవాళ్లు. అందరికంటే మా మరిది నాగరాజు ఎక్కువ. “మా అన్న నోట్లిచ్చి చిల్లర కొంటాడు” అని పెళ్లిళ్లలో పదిమంది ముందు అనేవాడు. ఆయన ఒక్కసారీ బదులు చెప్పలేదు. పత్తికొండలో ఒక వెండి వ్యాపారి దగ్గర కొన్న విక్టోరియా రాణి రూపాయి ఒకటి ఉండేది. ఆదివారం పూట దాన్ని గుడ్డలోంచి తీసి, గచ్చు మీద వేసి మోత విని, “దీన్ని ఎవరూ వాడలేదు, టంకశాల నుంచి వచ్చినట్టే ఉండాది” అని మురిసిపోయేవారు. నమ్మిన పాపాన ఎవరూ పోలేదు. నేను కూడా వంట చేసుకుంటూ ఊకొట్టేదాన్ని, అంతే.

ఆయన పోయిన ఏడాదికి నాగరాజే దాన్ని కంపెనీకి పంపించాడు. అరవై నాలుగు మార్కులతో తిరిగొచ్చింది. చూసుకోండి ఇక, “మా అన్న కన్నంటే కన్ను” అని ఊరంతా చెప్పుకుని తిరిగాడు! నేను ఆ డబ్బాను ఆయన ఫొటో పక్కన పెట్టుకున్నాను. ఇన్నాళ్లు నవ్వినవాళ్ల ముందు ఆ చీటీయే ఆయన తరఫున మాట్లాడుతోందని నా సంతోషం. తర్వాత పత్తికొండ టమోటా మండీ ఆసామి ఒకాయన కొంటానని వచ్చాడు. తన సేకరణలో మా ఆయన పేరు రాసి పెడతానన్నాడు. నేను ఒప్పుకున్నది ఆ మాటకే. అయితే ఆయన, “డబ్బా మీదుండేది సరేనమ్మా, సాబ్ గూడ చూసి చెప్తే రేపే తీసుకుంటా” అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ మంటతోనే కొట్టుకు వెళ్లాను. సాబ్ డబ్బా అందుకుని, చీటీ వైపు చూడకుండానే దాని మీద ఒక పాత బస్సు టికెట్టు అతికించారు. “ముందు రూపాయిని చూడాలమ్మా, చీటీ తర్వాత. మార్కులు కనపడితే నా కన్ను ఆ మార్కులే యెతుక్కుంటాది” అన్నారు.

“అంత పెద్ద కంపెనీ చూసినాక మీరు చూసేదేముంది?” అన్నాను. మర్యాదగా అనలేదు.

ఆయన నొచ్చుకోలేదు. “నిజమే. వాళ్లు చేత్తో పట్టుకోని, తూకమేసి, అంచు చూసి చెప్పినారు. నాకు ఈ ప్లాస్టిక్కులో నుంచి రెండు మొహాలే కనపడతాండాయి. నాది వాళ్ల కంటే తక్కువ చూపే. డబ్బా కొనేవానికి నాతో పన్లేదమ్మా. రూపాయి కొనేవాడే ఈడికొస్తాడు.”

కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి చాలాసేపు చూశారు. “అసలుదే. శానా మంచి రూపాయి. కానీ ఎవరో తోమినారు. తోమితే టంకశాల మెరుపు పోతాది, విలువ పడిపోతాది. చూడు, సన్నగీతలు. బొటనేలితో గుండ్రంగా రుద్దినట్టుండాయి. పండగలకు మా వీధోళ్లు వెండి తోమేది చూస్తానే ఉంటా. ఇది విభూతి పని.”

“ఎవరూ తోమలేదు” అన్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పిన నోటితోనే అన్నాను.

ఆయన వాదించలేదు. టికెట్టు తీసి మార్కులు చదివి, డబ్బా నా చేతిలో పెట్టారు. “నాకు కనపడింది ఇది. నేను తప్పయినా కావచ్చు. ఒకసారి బద్వేలు నుంచి ఒకాయన తెచ్చిన నాణెం దొంగదని చెప్పినా. ఆయన నా మాట నమ్మి దాన్ని కరిగించేసినాడు. తర్వాత అట్లాంటిదే ఇంకొకటి చేతికొచ్చినప్పుడు తెలిసింది, అది అసలుదని. అప్పటి నుంచి ‘ఇదింతే’ అని చెప్పడం మానేసినా. ‘నాకు కనపడింది ఇది’ అంటా.”

తన తప్పును అంత నిదానంగా ఒప్పుకున్న మనిషి ముందు నా అబద్ధం నిలవలేదు. ఏడ్చేశాను. మా ఆయన మంచం పట్టిన ఏడు, శ్రావణ శుక్రవారానికి ముందు రోజు వెండి తోముతూ, ఆ రూపాయి నల్లబడి ఉందని దాన్నీ విభూతితో తళతళా తోమాను. ఆయన కళ్లలో వెలుగు చూడాలని తెచ్చి అరచేతిలో పెట్టాను. తర్వాత మెల్లగా మళ్లీ కాస్త రంగు పట్టింది. కంపెనీవాళ్లకు గీతలు కనపడలేదేమో, నాకు తెలియదు. ఇదంతా సాబ్‌కు చెప్పాను.

“ఆయనకు తెలిసిందంటారా?” అని అడిగాను.

“అంత కన్నుండే మనిషికి తెలీకుండా ఉంటాదా తల్లీ? ఏమన్నాడు?”

“చాలాసేపు చూసి, బాగా మెరుస్తాంది అన్నారు. నా చెయ్యి వదల్లేదు.”

సాబ్ కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టి, “మార్కులు రూపాయికమ్మా. ఆ మాటకు ఎవరేస్తారు?” అన్నారు.

ఇంటికొచ్చి మండీ ఆసామికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన “దండమమ్మా” అని వద్దనేశాడు. నాగరాజు మండిపడ్డాడు. “నోరు మూసుకోనుంటే పోయేది గదా వదినా! అన్న పేరు నిలబడేది.”

“మీ అన్న కన్ను తప్పు కాదు నాగరాజూ, తప్పు నా చేతిది. అది దాచిపెట్టి ఆయన పేరు ఇంకొకరింట్లో పెట్టలేను” అన్నాను. అది నా నోట్లోంచి వచ్చిన మాటే, కానీ సాబ్‌ను కలవకముందు అనగలిగేదాన్ని కాదు.

మరుసటి వారం వెళ్లి, ఆ చీటీ ఇక నాకొద్దని డబ్బా పగలగొట్టమన్నాను. సాబ్ అంచు వెంట జాగ్రత్తగా కోసి, రూపాయిని నేలకు పరిచిన బేతంచెర్ల బండ మీద వేశారు. ఆదివారాలు మా ఇంట్లో వినపడిన మోతే. “ఇంక నల్లబడనీమ్మా. తుడవొద్దు” అన్నారు.

సాబ్ పోయి రెండేళ్లయింది. ఆ కొట్టుకు వెళ్లొచ్చినప్పటి నుంచి రిటైరయ్యేదాకా పిల్లల పేపర్లను, పేరున్న మూల మడిచి దిద్దాను. ఫెయిలైన పిల్లవాడి పేపరును ఇంకో టీచరుకు ఇచ్చి చూడమనేదాన్ని. ఇద్దరం తప్పయినా కావచ్చునని ఆ పిల్లవాడికే చెప్పేదాన్ని. మార్కులు పడిన నాణేన్ని రెండోసారి చూపించుకుంటే లాభముంటుందా అని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, రెండో మాట వినే ధైర్యముంటేనే వెళ్లండి అంటాను.

రేపు శుక్రవారం. వీధిలో అందరి వెండీ మెరుస్తుంది. ఆయన ఫొటో ముందు గిన్నెలో మా రూపాయి నల్లగా ఉంటుంది. దాని దగ్గర కూర్చున్నప్పుడల్లా నా బొటనవేలు రుద్దబోతుంది. గట్టిగా పిడికిలి బిగిస్తాను.