నూలులాగా చూసుకోండి అన్నాను

తెలంగాణ వచ్చిన ఎనిమిదో ఏడు, ఎండలు ముదరకముందు, నన్ను మహబూబ్‌నగర్ దుకాణం నుంచి నారాయణపేట వైపు ఇంటి ట్రయల్స్‌కు వేశారు. మాది వెంట్రుకల సరుకు అమ్మే చిన్న సంస్థ. నేను ఫిట్టింగ్ అసిస్టెంట్‌ను. నా పైన సీనియర్ ఫిట్టర్, ఆమె పైన మేనేజర్. డిగ్రీ చదివి ఇదేం పని అని అడిగిన చుట్టాలకు జవాబు చెప్పేదాన్ని కాదు. నాలుగేళ్లు చేసి, పాప కడుపులో ఉండగా మానేశాను.

దుకాణానికి రావడానికి మొహమాటపడే ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి, క్లిప్పులతో తగిలించుకునే జుట్టు పెట్టి చూపడం నా పని. ఒక సెట్టులో ఏడు పట్టీలుంటాయి. ఒక్కో పట్టీకి పైన కుట్టు, కుట్టు వెనక చిన్న క్లిప్పులు. ముందు రంగు కలుపుకోవాలి, అదీ పగటి వెలుగులోనే. ట్యూబులైటు కింద నలుపు, ముదురు గోధుమ ఒకేలా కనిపిస్తాయి. తర్వాత చెవి నుంచి చెవికి పాయ తీసి, కింద మెడ దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. కుదురు దగ్గర జుట్టును కాస్త వెనక్కి దువ్వితే క్లిప్పు జారదు. సొంత జుట్టు కనీసం నాలుగు వేళ్ల పొడవుండాలి. చర్మం కనిపించే చోట, పాపిట పక్కన క్లిప్పు పెట్టకూడదు. పడుకునే ముందు తీసేయాలి.

తక్కువ ధర సెట్టు కూడా మనిషి జుట్టే. కానీ దువ్వెనకు ఊడిన చిక్కు వెంట్రుకలు, స్టీలు గిన్నెలకు మార్పిడిగా ఊళ్లల్లో ఏరినవి, అందులో ఉంటాయి. కుదురు ఒకవైపు, కొస ఒకవైపు కాకుండా కలిసిపోయి ఉంటాయి కాబట్టి పైన మెరుపు పూత వేస్తారు. రెండు మూడుసార్లు కడిగితే ఆ పూత పోయి చిక్కు పడుతుంది. ఇది మాకు తెలుసు. అడిగితేనే చెప్పేవాళ్లం.

స్వరూప వాళ్లది నారాయణపేట చీరలు నేసే ఇల్లు. కాన్పు తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి, చెవుల పైన పలచబడింది. వచ్చే ఆదివారం ఐదో నెల బాబుకు పుట్టు వెంట్రుకలు తీస్తారు. మేనమామ ఒడిలో బాబు, పక్కన పీట మీద తల్లి, ఎదురుగా రెండు వైపుల చుట్టాలు. నాలుగు వారాలుగా ఆమె గడప దాటలేదట. తల ఇట్లాగే ఉంటే పీట మీద కూర్చోనని ఇంట్లో చెప్పేసింది.

నేను పట్టీలు పరుస్తుంటే అత్త బాలమణి మగ్గం గుంటలో కూర్చునే మెడ సాచి చూసింది.

“మా కాలంల సవరమంటే జడ కొసకు కట్టుకుంటుంటిమి. గిదేంది బిడ్డా, నెత్తి నడుమనే మొలుస్తాంది!”

“మొలుస్తలేదత్తమ్మా, పెట్టుకుంటున్న,” అంది స్వరూప విసుగ్గా.

“కొడుక్కు గుండు, తల్లికి జడ. దేవునికి లెక్క సరిపోతది పో!”

ఏడు పట్టీలు పెట్టి జడ అల్లాను. స్వరూప అద్దం ముందు నిలబడింది. జడ ముందుకు వేసుకుంది, వెనక్కి వేసుకుంది. తక్కువ ధరదైన ఆ సెట్టే తీసుకుంది. నేను జాగ్రత్తలన్నీ ఆమెకే చెప్పాను. బస్సు టైమైపోతోంది. నేత ఇంటికి తగ్గ మాట ఒకటి చెప్పాలనిపించి, పోతూ పోతూ, “మీకు చెప్పేదేముంది, నూలులాగా చూసుకోండి,” అన్నాను.

శుక్రవారం ఫోన్ వచ్చింది. “అక్కా, ఎంటికలు చీపురు పుల్లలైనయ్. మీరు మోసం జేసిన్రు. నేనైతే ఆదివారం కూసోను, ఏమన్న అనుకోన్రి.”

శనివారం మొదటి బస్సుకు వెళ్లాను. ఫిర్యాదు వస్తే పట్టీని కిటికీ దగ్గర పట్టుకుని చూడాలి, తడి వేలితో రుద్దాలి, వాసన చూడాలి. పొడవునా తెల్లటి పొర ఉంది. వేలికి జిగురు అంటింది. అన్నం వార్చిన వాసన.

“ఎవరు కడిగారు?” అని అడిగాను.

“అత్తమ్మనే. నాకూ బాబుకూ తలకు పోసేది ఆమెనే గద.”

మగ్గం చప్పుడు ఆగింది. బాలమణి తల ఎత్తలేదు.

“చిక్కు వడ్డది బిడ్డా. కోడలు ఏడుస్తాంది. పడుగు చిక్కు వడితే మేమేం జేస్తం? పల్చగ గంజి వెట్టి, కుంచెతోని దువ్వి, ఎండల గుంజి కట్టిన. నువ్వే గద నూలు తీరుగ సూస్కోమన్నవ్. నీ మాట తప్పలే నేను.”

పడుగంటే మగ్గం మీద నిలువునా సాగే దారాలు. గంజి పెడితేనే అవి తెగకుండా, పీచు లేవకుండా ఉంటాయి. నలభై ఏళ్లుగా చేసిన పనినే ఆమె కోడలి జుట్టుకు చేసింది.

స్వరూప అత్త వైపు చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను.

“ఇంక అంచు గూడ నేస్తుంటివి గదత్తమ్మా నా నెత్తి మీద!”

“నేస్తుంటి. పేట అంచు నీకు ఊకెనే వస్తదా?” అంది బాలమణి, కళ్లు తుడుచుకుంటూ. ఆ ఇంట్లో స్వరూప నవ్వడం నేను మొదటిసారి విన్నాను.

రెండు బేసిన్లలో గోరువెచ్చని నీళ్లు పెట్టించాను. నీళ్లు వేడైతే కుట్టు సడలుతుంది. పట్టీలు రుద్దకుండా నానబెట్టి, నీళ్లు మార్చి, కండిషనర్ పట్టించాం. ఇక చిక్కు తీయాలి, కొస నుంచి మొదలుపెట్టి పైకి. నేను దువ్వెనతో ఒక పట్టీ సగం తీసేలోపు జుట్టు గుప్పెడు ఊడి చేతికొచ్చింది.

“ఇటు తే,” అని బాలమణి లాక్కుంది. దువ్వెన పక్కన పెట్టి, కుట్టును కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, గోళ్లతో ఒక్కో ముడి వదులు చేసింది. తెంపలేదు. శిక్షణలో మాకెవరూ అంత మెత్తగా తీసి చూపలేదు. మధ్యాహ్నానికి ఏడులో ఐదు పట్టీలు దక్కాయి. ఐదింటినే ఎక్కడ పెట్టాలో స్వరూపకు, ఎట్లా కడగాలో బాలమణికి, విడివిడిగా చూపించాను. ఈసారి ఇద్దరూ చేసి చూపేదాకా కదల్లేదు.

ఆదివారం సాయంత్రం స్వరూప ఫొటో పంపింది. గుండు మీద పసుపు గంధంతో బాబు తల్లి జడ పట్టుకుని గుంజుతున్నాడు. ఆమె ఒక చెయ్యి తల వెనక క్లిప్పు మీద పెట్టుకుని నవ్వుతోంది. మెడ దగ్గర పట్టీ కాస్త బయటికి కనిపిస్తోంది. ఆ సంగతి ఆమె పట్టించుకున్నట్టు లేదు.

ఫిర్యాదు ఫారంలో కారణానికి రెండే గడులు: సరుకు లోపం, వాడకం లోపం. నేను రెండూ వదిలేసి కింద ‘చెప్పడంలో లోపం, నాది’ అని రాశాను. అట్లాంటి గడి లేదని మేనేజర్ తిప్పి పంపారు. మళ్లీ అదే రాశాను. సీనియర్ ఫిట్టర్ ఆ ఫారం తన దగ్గర పెట్టుకుంది. తర్వాత వచ్చిన జాగ్రత్తల కార్డులో తెలుగులో ఒక కొత్త వాక్యం చేరింది: గంజి పెట్టకూడదు.

ఇప్పుడు మా పాపకు ఐదో నెల. పొద్దున దిండు మీద నా వెంట్రుకలు ఏరి పారేస్తున్నాను. ఇది రాస్తూ మధ్యలో రెండుసార్లు లేచి పాప ఊపిరి చూసి వచ్చాను. పోయిన వారం నా దగ్గర మిగిలిన పాత సెట్టు తీసి పెట్టుకున్నాను. నాలుగు వేళ్ల కొలత చూసుకున్నాను, పాపిట పక్కన వదిలేశాను. తీశాక మా అత్తమ్మను పిలిచి, కడగడం ఆమె చేత చేయించి చూశాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. ట్రయల్‌కు వెళ్లిన ఇంట్లో తలకు నీళ్లు పోసేది ఎవరో ముందు అడగాలి. పట్టీ వాళ్ల చేతికే ఇచ్చి చెప్పాలి. పోలికలు వద్దు. ఏ నీళ్లు, ఎటు నుంచి దువ్వాలి, ఎక్కడ ఆరబెట్టాలి, అంతవరకే చెప్పి, వాళ్లు చేసి చూపాకే బస్సెక్కాలి.