నోటినిండా గుండుసూదులు

దర్జీ అత్తయ్య ముందు ఎవరైనా ఇంకొకరి మీద చాడీ ఎత్తుకున్నారంటే చాలు, ఆవిడ గబగబా గుండుసూదుల డబ్బా మూత తీసి పెదాల మధ్య వరసగా సూదులు బిగించేస్తుంది. ముందు కుట్టాల్సిన బట్ట ఉందా లేదా అన్నది ఆవిడకు అనవసరం. ఓసారి చర్చి మెట్ల మీద కూడా చేతిసంచీలోంచి తీసి పెట్టుకుంది. ఆవిడకి కాస్త తిక్క అని సంఘంలో చాలామంది అనుకునేవారు. ఇంట్లో ఉండే కోడలికైతే ఆ విషయంలో అనుమానమే లేదు.

"అత్తయ్యా, ఎప్పుడో ఒకటి మింగేస్తారు. అప్పుడు డాక్టరుకి నేనేమని చెప్పుకోవాలి?"

"సూది లోపలికి పోతే డాక్టరు తీస్తాడే. మాట బయటికి పోతే ఎవరు తీస్తారు?"

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం!

బేకరీ ఆవిడ ఓ రోజు కూతురి పెళ్లిగౌను గురించి మాట్లాడటానికి షాపుకొచ్చి, గౌను సంగతి మరిచిపోయింది. "మా ఎదురింటావిడ లేదూ, ప్రార్థన చేసేటప్పుడు కళ్లు తెరుచుకునే ఉంటుంది, తెలుసా?"

డబ్బా మూత టక్కుమంది. "ఊఁ," అంది అత్తయ్య సూదుల సందులోంచి.

"ఎవరెవరు కునుకు తీస్తున్నారో చూస్తుందండీ!"

"ఊఁ."

కోడలు ఉండబట్టలేకపోయింది. "ఆవిడ కళ్లు తెరిచిన సంగతి మీకెలా తెలిసింది ఆంటీ?"

బేకరీ ఆవిడ చరచరా వెళ్లిపోయింది. అత్తయ్య సూదులన్నీ తీసి డబ్బాలో వేసి, "ప్రభువా, ఆ ఇద్దరి కళ్లూ నువ్వే చూసుకో," అని ప్రార్థించి, మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అసలు గొడవ చర్చిలో పాటలు పాడే క్వయర్ వాళ్ల గౌన్లతో వచ్చింది. చర్చి వార్షికోత్సవానికి అందరికీ కొత్త గౌన్లు కుట్టాలి. ఈ వయసులో పెద్దావిడ క్వయర్ గది మెట్లెక్కడం ఎందుకని పాటల మాస్టారు కొలతలు తనే తీసి పంపాడు. తీరా వార్షికోత్సవం రోజు పొద్దున వేసుకుంటే గౌన్లా అవి, డేరాలు! క్వయర్‌లో సన్నగా ఉండే ఒకావిడ చేతులు గౌను చేతుల్లో ఎక్కడో తప్పిపోయాయి. లావుపాటి ఒకాయన అంచు తొక్కుకుని పియానో మీద పడ్డాడు.

"పెద్దావిడకి కళ్లు ఆనడం లేదు," అంది బేకరీ ఆవిడ అందరికీ వినపడేలా. "మా అమ్మాయి గౌను ఇంకెక్కడైనా ఇచ్చుకుంటాం బాబూ!" పక్కనున్న వాళ్లు తలలూపారు. కోడలు మనసులో లెక్కేసుకుంది. ఆ గౌను పోతే, దాని వెనకే మిగతా వాళ్లూ పోతారు. ఇక షాపు మూసుకోవడమే.

అప్పుడే కోడలి కళ్లు కుర్చీ మీద గుట్టగా పడి ఉన్న చలికోట్ల మీద పడ్డాయి. "కొలతలు తీసినప్పుడు ఈ కోట్లు విప్పారా?" అనడిగింది పక్కనున్న క్వయర్ ఆవిడని.

"ఆ చలిలోనా!"

పాటల మాస్టారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పాటల పుస్తకంలో తల దూర్చాడు. కోడలు కొంగు బిగించి, "అసలు సంగతేమిటంటే..." అంటూ ముందుకొచ్చింది. అంతే! అప్పటికే నోటినిండా సూదులతో నేలమీద కూర్చుని గౌన్ల అంచులు మడిచి సూదులు గుచ్చుతున్న అత్తయ్య లేచి, గుప్పెట్లో ఉన్న సూదులు కోడలి పెదాల మధ్య బిగించేసి, చేతిలో ఒక గౌను అంచు పెట్టింది.

మాస్టారు ఆ రెండు నోళ్ల వంకా చూశాడు. చెప్పగలిగిన ఇద్దరూ చెప్పడం లేదు. పుస్తకం మూసేశాడు.

"తప్పు నాదండీ. కోట్ల మీదే కొలిచాను."

"ఏమయ్యా, ఆ మాత్రం బుద్ధి..." అంటూ బేకరీ ఆవిడ అటు తిరిగిందో లేదో, అత్తయ్య మర్యాదగా డబ్బా తెచ్చి ఆవిడ ముందు పట్టింది.

బేకరీ ఆవిడ డబ్బా వంక చూసింది, అత్తయ్య వంక చూసింది, ఫక్కున నవ్వింది. ఓ సూది నోట పెట్టుకుని తనూ అంచులు మడవడానికి నేలమీద చతికిలపడింది. ఆ రోజు క్వయర్ స్వరాలు ఎన్నడూ లేనంత పైకి లేచాయి. అందులో గుండుసూదుల వాటా ఎంతో ఎవరూ అడగలేదు. ఆరాధన అయ్యాక బేకరీ ఆవిడే వచ్చి, "గౌను మీరే కుట్టాలి," అని చెప్పి వెళ్లింది.

ఇంటికొచ్చాక కోడలు నిలదీసింది. "కోట్ల సంగతి మీకూ తెలిసిపోయిందిగా! నోరు తెరిచి ఒక్క మాట అంటే ఏం పోయేది?"

"ఆయన అప్పటికే చచ్చిపోతున్నాడే సిగ్గుతో. ఇంకా పైన నేనొకదాన్నా? నా మీద ప్రభువుకి ఎన్ని ఫిర్యాదులు వెళ్లుంటాయో! అయినా నన్ను గెంటేయలేదుగా. ఆ కృపలో నేనూ ఎవరికో కాస్త పెట్టాలి కదా."

కోడలు మిగిలిన సూదులు డబ్బాలోకి సర్దింది. తరవాత ఎందుకో అనుమానం వచ్చింది.

"అత్తయ్యా, నేను కాపురానికొచ్చిన కొత్తలో... నా మీద కూడా ఎవరైనా చెప్పేవాళ్లా?"

అత్తయ్య కళ్లు చికిలించి నవ్వి, డబ్బా అందుకుంది. ఒక సూది పెట్టుకుంది. పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. పెదాల మీద చోటు లేకపోయాక గానీ ఆగలేదు.

"అమ్మో, ఇంతమందా!" అంది కోడలు.

"ఊఁ," అంది అత్తయ్య.