అరకు దారిలో నా నాటకమే నాకు అడ్డుపడింది

చైత్రమాసంలో అరకు వెళ్ళాలనుకునేవాళ్ళు దారులూ ఖర్చులూ అడుగుతుంటారు. నేను చెప్పేది డెబ్బై ఎనిమిది నాటి ప్రయాణం కాబట్టి ఆ ధరలు మీకు పనికిరావు. కానీ అప్పటి నా భయం పనికొస్తుందనిపించి రాస్తున్నాను. విజయనగరంలో గుమాస్తాగిరీ చేస్తూ ఆ రోజుల్లో నేనొక నాటకం రాశాను. అందులో కొండవాళ్ళు దారికి కర్ర అడ్డంపెట్టి ఒక బాటసారిని ఆపుతారు, మూడో అంకంలో అమ్మవారికి బలిస్తారు. లైబ్రరీలో ఏదో పాత పుస్తకంలో చదివిన రెండు లైన్లు తప్ప తక్కినదంతా నా ఊహే. కొండ ఎక్కిన మొహం కూడా కాదు నాది. అయినా జనం ఊపిరి బిగబట్టి చూశారు. ఒక లెక్చరరు గారైతే తన వ్యాసంలో దాన్ని కొండవాళ్ళ ఆచారమంటూ ఉదహరించారు కూడా. ముందు వరుసలో కూర్చున్న మా మామగారికి మాత్రం జ్వరం వచ్చినంత పనైంది, ఎందుకంటే ఆయన చిన్నకూతురు సుభద్ర అరకు దగ్గర ఒక గూడెంలో టీచరుగా చేరి అప్పటికి ఆరు నెలలు.

"ఇదంతా నిజమేనా అల్లుడూ?" అని అడిగారు. ఊహ అని ఒప్పుకోవడం నామోషీ అనిపించి, "పుస్తకాధారం ఉంది మావయ్యా" అన్నాను. మర్నాడే ఆయన రాజీనామా కాగితం టైపు చేయించి, దానిమీద సుభద్ర చేత సంతకం పెట్టించి పిల్లను వెంటబెట్టుకు రమ్మని నా చేతికిచ్చారు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

కొత్తవలసలో పొద్దున్న ఎనిమిదింటికి కిరండూలు పాసింజరు ఎక్కాను. టికెట్టు నాలుగు రూపాయలలోపే. కుడివైపు కిటికీ దొరికితే లోయలు బాగా కనబడతాయి. నాకు దొరికింది గానీ నేను లోయలు చూడలేదు. శివలింగపురం దాటాక సొరంగాలు మొదలవుతాయి. పెట్టెలో చీకటి పడినప్పుడల్లా మూడో అంకంలోని డప్పు నా చెవుల్లో మోగేది. అబద్ధమని నాకు తెలుసు, అయినా మోగేది. అంతమంది నమ్మాక, లెక్చరరు గారు అచ్చులో వేశాక, ఏమో, నిజమేనేమోనని నాకే అనుమానం పట్టుకుంది.

పన్నెండింటికి అరకులో దిగి, స్టేషను బయట రెండు ఇడ్లీలు తిన్నాననిపించి, గూడెం వైపు వెళ్ళే జీపు దగ్గరికి వెళ్ళాను. మనిషికి రూపాయిన్నర. డ్రైవరు అప్పలస్వామిది ఎస్.కోట. "బేగి ఎక్కండి బాబూ, పండగ రోజులు, దారిలో ఆలీసమైపోద్ది" అన్నాడు. ఏ పండగో అడక్కుండానే ఎక్కి కూర్చున్నాను.

అరగంట తర్వాత ఒక మలుపు తిరగ్గానే జీపు ఆగింది. దారికి అడ్డంగా వెదురు కర్ర. కర్ర వెనక పది పన్నెండుమంది ఆడవాళ్ళు. పైన గట్టుమీద విల్లులూ గొడ్డళ్ళూ పట్టుకుని మగవాళ్ళు. ఎక్కడో డప్పు. నేను రాసిన రంగం రాసినట్టే ఎదురుగా నిలబడింది.

"వెనక్కి తిప్పు" అన్నాను.

"ఏటి బాబూ, అలా బిగుసుకుపోనారు? ఇటికల పండగ. మగోల్లు ఏటకెల్తారు, ఆడోల్లు దారి కాత్తారు. సిల్లర ఎడితే కర్ర తీసేత్తారు" అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి నా ప్రాణం ఇంకా పోయింది. నా నాటకంలో బండివాడు వాళ్ళ మనిషే, వాడూ ఇలాగే నవ్వుతాడు! సంచీ పట్టుకుని దూకి వచ్చిన దారినే పరుగెత్తాను. చిల్లర ఎగ్గొడుతున్నాననుకుని ఆడవాళ్ళు కేకలేస్తూ వెంటపడ్డారు. ఇరవై గజాలు వెళ్ళేసరికి బోర్లాపడ్డాను. మోకాలు చీరుకుపోయింది. కళ్ళు మూసుకున్నాను.

"బావా! మీరా?" అన్న గొంతు వినబడింది. సుభద్ర. వాళ్ళలాగే చీర కట్టి, తలలో పూలు పెట్టుకుని ఉంది. కర్ర రెండో కొస పట్టుకున్నది తనేనట.

గూడెంలో సుభద్ర ఉంటున్న ఇంటి ముసలామె బుద్రమ్మ నా మోకాలు కడిగి ఏదో ఆకు పసరు వేసింది. ఇంతలో గడపలోకి వచ్చిన ఒక చిన్నపిల్ల నన్ను చూసి కెవ్వుమని అరిచి సుభద్ర వెనక్కి దూరింది.

"ఇక్కడ పిల్లలు మారాం చేస్తే, తెల్లపంచె కట్టుకుని సంచీ పట్టుకుని కిందనుంచి మనిషి వస్తాడని బెదిరిస్తారు బావా" అంది సుభద్ర.

నాకు నవ్వొచ్చింది. "వచ్చి నేనేం చేస్తానట?"

బుద్రమ్మ నవ్వలేదు. "సంచీలోంచి కాయితం తీత్తారు బాబూ. ఏలిముద్ర ఎయ్యమంటారు. మా అయ్య ఏసినాడు. మరి పొలం లేదు."

నా సంచీలోనూ కాగితమే ఉంది. అది తీసి సుభద్రకిచ్చాను. తను చదివి మడిచింది.

"నాటకం సంగతి నాన్న ఉత్తరం రాశారు. సంతకం పెడతాను. ముందు మీరు ఈ వాకిట్లో కూర్చుని మూడో అంకం వీళ్ళకి చదివి వినిపించండి."

దారిలో కర్రను చూసినప్పటికన్నా అప్పుడెక్కువ భయమేసింది. బుద్రమ్మ మొహంలోకి చూశాను. మూడో అంకమంతా నాకు కంఠతా వచ్చు, అయినా మొదలుపెట్టలేకపోయాను.

"వాళ్ళు పడ్డది చెప్పుకుంటున్నారు బావా. మీరు చూడనిది చెప్పారు" అని కాగితం తిరిగి నా చేతిలో పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం బండికి ఒక్కణ్ణే తిరిగొచ్చాను. ఎదుటి సీటులో విజయనగరం కుటుంబం. తండ్రి పిల్లల్ని కిటికీ దగ్గర్నుంచి లాగి, "ఈ కొండల్లో మనుషుల్ని బలిత్తారు, నాటకంలో సూపించారు" అంటున్నాడు. అది అబద్ధమనీ, రాసింది నేనేననీ చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఊరుకోండి సార్. ఎవుడో కళ్ళారా సూసినోడే రాసుంటాడు. ఊయించి రాత్తే అలాగుంటాదేటి?"

ఏ రచయితయినా జీవితమంతా ఎదురుచూసే మెప్పు అది. నా ఒళ్ళు చల్లబడింది. మామగారికి నిజం చెప్పాను, నాటకం మళ్ళీ ఆడనివ్వలేదు, సుభద్ర ఉద్యోగం నిలిచింది. కానీ బండిలోని ఆ పిల్లలకి నేనిచ్చిన భయాన్ని వెనక్కి తీసుకునే దారి నాకు తెలియలేదు. ఊహ లేకపోతే నాటకం లేదు, చరిత్ర రాసేవాడికీ కొంత ఊహ కావాలి. కాకపోతే ఎవరి గురించి ఊహిస్తున్నామో వాళ్ళ వాకిట్లో కూర్చుని చదవగలమా అని ఒక్కసారి ప్రశ్నించుకోవాలి. ఇక మీకు చెప్పాల్సింది ఒక్కటే. చైత్రంలో వెళితే జేబులో చిల్లర ఉంచుకోండి, కర్ర అడ్డం వస్తే పరుగెత్తకండి. ఏ గూడెంలోనైనా చిన్నపిల్ల మిమ్మల్ని చూసి దాక్కుంటే, ముందు మీ సంచీ కింద పెట్టండి.