రిలీవర్ వచ్చేదాకా

ఆదివారం పొద్దున్న టీవీలో అంతరిక్ష నౌక సీరియల్ వస్తోందంటే హిందీ ప్రాంతంలోని మా స్టీలు ప్లాంటు కాలనీలో, మరోదా సెక్టార్ వీధిలో క్రికెట్ కూడా ఆగిపోయేది. ఎనభైల మధ్యలో మాట. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది, మిగతా సగం హిందీలో మేమే కల్పించుకునేవాళ్ళం. నా స్నేహితురాళ్ళందరికీ కెప్టెన్ అంటే పిచ్చి. నాకు మాత్రం పట్టుమని రెండు నిమిషాలు కూడా చూపించని ఇంజను గది మనుషులంటే ఇష్టం. మా నాన్న ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జ్ మరి, ఆ పక్షపాతం ఉండదా!

అలాంటిది, ఆ సీరియల్ మీద తయారుచేసిన కంప్యూటర్ ఆట మా ఇంటికే వచ్చిందంటే నా గీర ఎలా ఉండేదో ఊహించుకోండి. ఓడల్లో పనిచేస్తూ దేశాలు తిరిగే మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, విశాఖపట్నం నుంచి వచ్చి వారం ఉన్నాడు. పెట్టెలోంచి ఒక కీబోర్డు, అదే కంప్యూటరు, తీసి మా టీవీకి తగిలించాడు. ఆటేమో క్యాసెట్లో ఉండేది. టేపురికార్డరు మీట నొక్కితే చెవులు చిల్లులు పడేలా ఒకటే కీచురొద. ఆ రొద ఆగి ఆట మొదలయ్యేలోపు అమ్మ కుక్కరు పెట్టి దించేసేది. పోనీ బొమ్మలుంటాయా అంటే అవీ లేవు. తెర మీద అక్షరాలు పడతాయి, మనం ఏం చెయ్యాలో ఇంగ్లీషులో టైపు చెయ్యాలి.

నౌకకి ఉల్క తగిలింది, కెప్టెన్ సాయం తేవడానికి వెళ్ళాడు, ఇంజను గదిలో మిగిలిన ఇంజినీరు మనం. నా ఇంజినీరే! గదిలో గాలి తగ్గిపోతూ ఉంటుంది. వారమంతా నేనూ మావయ్యా తలుపు తీసుకుని ఒక చిన్న నౌక ఎక్కి పారిపోయాం. పారిపోయిన ప్రతిసారీ వెనకాల పెద్ద నౌక పేలిపోయింది, ఆట ముగిసింది. ఆదివారం సాయంత్రం రైలుకి మావయ్యతో పాటు కంప్యూటరూ వెళ్ళిపోతుంది. ఈలోగా నౌకని గట్టెక్కించకపోతే నాకు అన్నం సహించదని ఇంట్లో ప్రకటించేశాను.

నాన్న వారమంతా ఆ ఆట వైపు కన్నెత్తి చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం, డ్యూటీకి బయల్దేరబోతూ మా వెనక నిలబడి, మేం మళ్ళీ తలుపు తీయబోవడం చూశాడు.

"ఏటే, డ్యూటీ ఎవరికప్పజెప్పి పోతన్నావు?"

"ఎవరూ లేరు నాన్నా."

"రిలీవర్ రాకండా పోస్టు వొదిలీసి పోతారేటి?"

ప్లాంటులో అది వేదవాక్కు. తరవాతి షిఫ్టు మనిషి, ఆయనే రిలీవర్, వచ్చి ఎదురుగా నిలబడేదాకా సీటు వదలకూడదు. ఇంట్లో పెళ్ళి ముహూర్తం మించిపోతున్నా సరే.

మావయ్య పగలబడి నవ్వాడు. "బావా, ఇది నీ ఫర్నేస్ కాదు. అక్కడే కూకుంటే గాలయిపోద్ది."

"అయితే గాలి పోయే దార్లు మూసీండి" అని నాన్న కుర్చీ లాక్కున్నాడు. పక్క గదులకి గాలి వెళ్ళే వాల్వులన్నీ నాచేత ఒక్కొక్కటే మూయించాడు. తరవాత తనే కీబోర్డు అందుకుని 'వెయిట్' అని కొట్టాడు. గాలి కాస్త తగ్గింది. మళ్ళీ 'వెయిట్'. ఇంకాస్త తగ్గింది.

"ఎవడొస్తాడు బావా ఆకాశంలో?" అన్నాడు మావయ్య.

"వస్తాడు. రాకపోతే ఎలాగ?"

మొండివాడు రాజు కంటే బలవంతుడని నేను పళ్ళు నూరుకుంటూ చూస్తున్నాను. ఇంతలో గడియారం చూసి నాన్న లేచాడు. ఇంకొక్క నిమిషం అంటూ చొక్కా పట్టుకుని వేలాడాను.

"అక్కడొకాయన నా కోసం సూస్తుంటాడమ్మా."

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. నాన్న నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ప్లాంటులో ఎలా చేస్తారో అలాగే, నవ్వకుండా, డ్యూటీ అప్పజెప్పాడు. "వాల్వులు మూసున్నాయి. గాలి సగానికి తక్కువుంది. తలుపు ముట్టుకోకు. ఛార్జ్ తీసుకున్నావా?"

"తీసుకున్నాను" అన్నాను ముక్కు చీదుకుంటూ. వీధిలో స్కూటరు చప్పుడు దూరమైంది.

మావయ్య వెంటనే మొదలెట్టాడు. "మీ నాన్నెల్లిపోయాడు కదే, తలుపు తీసీ."

దారికి పులిహోర కడుతున్న అమ్మ వంటింట్లోంచే అరిచింది. "ఛార్జ్ దానిది. నువ్ నోర్ముయ్."

'వెయిట్' అని కొట్టాను. గాలి పావు వంతుకి వచ్చింది. మళ్ళీ కొట్టాను. ఊపిరి అందడం లేదని తెర చెప్పింది. నాకూ అందలేదు. నాన్న లెక్క తప్పయితే నౌక పోయినట్టే, మళ్ళీ ఆట ఎక్కించేంత వ్యవధి కూడా లేదు. తలుపు తీసి పారిపోదామని వేళ్ళు తహతహలాడుతున్నాయి. నాన్న మీద కోపంతోనో నమ్మకంతోనో ఇంకోసారి 'వెయిట్' కొట్టాను.

ఎవరో తలుపు తడుతున్నారు, అంది తెర. కెప్టెన్! వెంట ఇంకో ఇంజినీరు, చేతిలో గాలి సిలిండర్లు. టీవీ బొంగురు గొంతుతో ఏదో విజయగీతం పాడింది. మావయ్య నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. అమ్మ గరిటెతోనే వచ్చి నిలబడిపోయింది.

మా ఇంట్లో ప్లాంటు ఫోను ఉండేది. ప్రాణాల మీదికొస్తే తప్ప దాన్ని ముట్టుకోకూడదు. నాన్న ప్లాంటుకి చేరి ఉంటాడనిపించేదాకా ఆగి, అమ్మ ఆ మాటే అంటూ తనే నంబరు తిప్పి, రిసీవరు నాకిచ్చింది. అవతల నాన్న గొంతు కంగారుగా వినిపించింది. "ఏటైంది?"

"నాన్నా, రిలీవర్ వచ్చీసేడు!"

నాన్న అటు తిరిగి కంట్రోల్ రూములో అందరికీ అరిచి చెప్పడం వినిపించింది. "ఆ గయా భయ్యా, ఆ గయా!" ఎవరొచ్చారో తెలియకపోయినా అక్కడున్న వాళ్ళందరూ కేకలు పెట్టారు.

నాన్న మళ్ళీ ఫోనులోకి వచ్చాడు. "తలుపు తియ్యలేదు కదా?"

"లేదు."

"శభాష్, ఇంజినీరు గారూ" అన్నాడు.

ఏడ్చేశాను. ఏమైందే అని అమ్మా మావయ్యా ఎంత అడుగుతున్నా రిసీవరు మాత్రం వదల్లేదు.