బావ ఎంచిపెట్టిన రంగులు

నిన్న సాయంత్రం నంద్యాలలో మా అబ్బాయి ఫ్లెక్సీ షాపులో ఊరికే కూర్చుని ఉంటే, వాడొక పెళ్లి బ్యానరును కంప్యూటరులో పెట్టి 'ఆటో' అని ఉన్నచోట ఒక్క నొక్కు నొక్కాడు. ఎరుపెంత, పసుపెంత అని అది ఎవరినీ అడగలేదు. రంగులన్నీ తనే సర్దుకుని ప్రింటు మొదలుపెట్టింది. నాకు మాత్రం ఆళ్లగడ్డలో ఉండే మా బావ గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క మొగుడు. గోడలమీద, అహోబిలం పోయే జీపులమీద అక్షరాలు రాసిన చేయి ఆయనది. ఆ చేతి కిందే నేను బ్రష్షు పట్టడం నేర్చుకున్నాను. నా గీత వంకరే గానీ రాత బాగుండి, రెండువేల సంవత్సరం దాటాక నంద్యాలలో షాపు పెట్టి పెద్ద ప్రింటింగ్ మిషను కొన్నాను. ఊరూరా ఫ్లెక్సీలు లేచాయి, బావ బ్రష్షులు ఎండిపోయాయి. వచ్చి నాతో పాటు షాపులో కూర్చోమని అడగాలని ఉండేది, కాదంటాడేమోనని భయం.

అంతలో మిషనుకు రిప్పు కొనాల్సి వచ్చింది. బొమ్మను సిరా చుక్కలుగా విడగొట్టి మిషనుకు అందించే సాఫ్ట్‌వేరు అది. సాఫ్టని పేరే గానీ, నా బుర్రకు మహా గట్టిది. హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మకందారు రెండు రకాలు వేసి, వాడి చూసి చెప్పమని వెళ్లాడు. ఒకటి వేగం, కానీ అందరి మొహాలకూ పౌడరు పూసేది. రెండోది నిదానం, నల్లరేగడి మనిషిని నల్లరేగడి రంగులోనే దించేది. మొదటి పూటకే నాకు రెండోది నచ్చింది. అయినా తేల్చుకోలేకపోతున్నానని బావకు కబురు పెట్టాను.

రోజూ పొద్దున బస్సుకు వచ్చేవాడు. నేను ప్రింటు తీసి షాపు ముందర వేలాడదీస్తే, ఆయన రోడ్డు దాటి టీ బంకు పక్కన నిలబడి, ఒక కన్ను సగం మూసి చూసేవాడు. గోడకు బొమ్మ వేసేటప్పుడు అలవాటైన చూపు అది. లారీల హారన్ల మధ్యలోంచి "ఎరుపు సాలదురా!" అని అరిచేవాడు. నేను ఎరుపు పెంచేవాణ్ణి, పెంచిందాన్ని తగ్గించేవాణ్ణి, మర్నాడు మళ్లీ రమ్మనేవాణ్ణి. ఆ వారమంతా కలిసి భోంచేశాం, పాత గోడల కబుర్లు చెప్పుకున్నాం.

చివరికొక రోజు టీ గ్లాసు కింద పెట్టి, "ఏందిరా బామ్మర్దీ, రెండోదే బాగుందని నీకు ముందే తెలుసు. నన్ను ఈడ కూచోబెట్టుకోనీకి ఇన్ని రంగులు తిప్పాల్నా?" అన్నాడు. దొరికిపోయి ఎర్రబడ్డాను, ఆ ఎరుపు మాత్రం చాలినట్టుంది, నవ్వాడు.

"ఉండరాదా బావా."

"నీ కాడ కూచోని చెయ్యాల. నాకు నిలబడితేనే చెయ్యి ఆడతాది. మళ్లా ఏదన్నా తేలకపోతే పిలువు, వస్తా."

రెండోదే కొన్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లు, ఏదో ఒకటి తేలకుండానే చూసుకున్నాను. కొత్త సిరా వచ్చిందనో, పసుపు ఆకుపచ్చగా దిగుతోందనో కబురు పెడితే చాలు, బావ బస్సు దిగేవాడు.

ఇప్పుడూ ఆళ్లగడ్డ గంట దూరమే, ఇద్దరి దగ్గరా ఫోన్లున్నాయి. కానీ మా కాలపు మగవాళ్లు మనిషిని రమ్మనాలంటే ఒక పని అడ్డం పెట్టుకోవాలి. చూడాలనుంది, రా, అని నోరారా అనడం అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు. మిషన్లకేమో అన్నీ వాటంతటవే తేలిపోతున్నాయి. నిన్న ఆ బ్యానరును ఆరడానికి వేలాడదీసినప్పుడు, రోడ్డు దాటి వెళ్లి ఒక కన్ను సగం మూసి చూశాను. ఎరుపు చక్కగా ఉంది. కాస్త చాలకపోయినా బాగుండేదనిపించింది.