స్విచ్చు పక్కన మేకు

మా మామ ఇక లేరని కరీంనగర్ ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను షెడ్డులో రూటర్ మిషన్ బిగించిన బల్ల దగ్గరే ఉన్నాను. ముందు ప్లగ్గు పీకాను, తర్వాతే ఏడ్చాను. ఆ అలవాటు చేసింది మామే.

మందమర్రిలో మాది చిన్న వడ్రంగి షెడ్డు. మా ఆయనది బొగ్గుబాయి డ్యూటీ. మామకు చూపు తగ్గాక షెడ్డు మూసేద్దామనుకుంటుంటే, నేను నేర్చుకుంటానన్నాను. ఆయన నవ్వలేదు. మర్నాడే ఒక పాత బల్ల నడుమ రంధ్రం చేసి, చెక్క అంచులకు డిజైన్ తీసే రూటర్‌ను కిందనుంచి తలకిందులుగా బిగించారు. చెక్కను కోసే బిట్టు ఒక్కటే పైకి కనిపిస్తుంది.

"మిషన్ పట్టుకొని నడుపుడు బరువు బిడ్డా. గిట్లయితే అది ఒక్కకాడుంటది, నువ్వు చెక్కను నడిపిస్తవు."

తర్వాత స్విచ్చు పక్కన గోడకు మేకు కొట్టి, తిరిగే బిట్టుకు చిక్కుకుంటాయని గాజులు తీసి దానికి తగిలించమన్నారు. మా అత్త అగ్గి మీద గుగ్గిలమైంది. "ముత్తైదువ చేతులు బోడిగుంటయా? బుద్ధున్నదా గీ ముసలాయనకు?"

మామ కొండగట్టు హనుమంతుడి గుడిలో చేతికి కట్టించుకుని ఎన్నడూ తీయని ఎర్రదారం ముడి విప్పి, ముందు అదే మేకుకు తగిలించారు. "అంజన్ననే గీడ ఆగిండు, గాజులు ఆగయా? పని అయినంక మళ్ల తొడుక్కుంటది."

అత్త మూతి ముడుచుకుంది. కానీ సాయంత్రం చాయ్ తెచ్చినప్పుడు తనే గాజుల మీది పొట్టు కొంగుతో తుడిచి నాకు తొడిగింది. అప్పటినుంచి రోజూ అంతే; మామ కూడా నా పని అయ్యాకే దారం మళ్లీ కట్టుకునేవారు.

బిట్టు మార్చాలంటే ప్లగ్గు పీకాల్సిందే, చిన్న ముక్కలను చేత్తో కాదు, కర్రతో తోయాల్సిందే. చెక్కను బల్ల మీది అడ్డపట్టీకి ఆనించి కుడి నుంచి ఎడమకే నడపాలి. ఒకసారి తొందరలో ఎడమ నుంచి తోశాను. బిట్టు చెక్కను నా చేతుల్లోంచి లాక్కుని గోడకేసి కొట్టింది. భయంతో నా వేళ్లు చూసుకున్నాను, పదీ ఉన్నాయి.

మామ తిట్టలేదు. ఆ చెక్కే తెచ్చి నా చేతిలో పెట్టారు. "అది తిరిగేదానికి ఎదురు పెట్టాలె. ఎంబడి పెడితే గుంజుకపోతది. జరంత జరంత తియ్, మూడుసార్లు తియ్. రైలు పోతలేదు గదా!" ఆయన ఆ పూట నన్ను అలాగే వెళ్లనిచ్చి ఉంటే నేను మళ్లీ ఆ బల్ల దగ్గరకు పోయేదాన్ని కాదు.

ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లిన హడావుడిలో ఎర్రదారం మేకుకే ఉండిపోయింది.

పదో రోజున చుట్టాల ఆడవాళ్లు అత్తను గాజులు పగలగొట్టడానికి కూర్చోబెట్టారు. అత్త చెయ్యి వెనక్కి లాక్కుని, లేచి షెడ్డులోకి నడిచింది. గాజులు ఒక్కొక్కటే తీసి దారం పక్కన తగిలించింది.

"పలగ్గొట్టుడు లేదు," అంది. "ఆయన గట్ల చెప్పలే."

నిన్న నేను మళ్లీ పని మొదలుపెట్టాను. నా గాజులు కూడా అదే మేకుకు పెట్టి, దర్వాజ పట్టీలకు అంచులు తీశాను. సాయంత్రం అత్త చాయ్ తెచ్చింది. నా గాజులు తుడిచి తొడిగింది. తర్వాత తనవి తుడిచి నా చేతిలో పెట్టి, చెయ్యి చాపింది.

"ఏం చూస్తున్నవ్? పని అయింది గదా, తొడుగు."

తొడిగాను. మేకుకు ఎర్రదారం ఒక్కటే మిగిలింది.